మీ ఉత్తరాల పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

కోత పండుగ అయిన మరుసటి సోమవారం. కానుకల వేలంలో మిగిలిపోయిన రెండు గుమ్మడికాయలు ఇంకా మందిరం వరండాలోనే ఉన్నాయి. చర్ల అవతల అడవి అంచున ఉన్న ఒక పల్లె నుండి ఒక అమ్మాయి, ఆమె తండ్రి మొదటి బస్సుకు బయలుదేరి, సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణం చేసి భద్రాచలంలో మా యింటికి వచ్చారు. అమ్మాయి ఇంటర్మీడియట్ బై.పి.సి. పాసయింది. ఒక ఆసుపత్రి వారి నర్సింగు బడికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు పిలుపు ఇంకా రాలేదు, ఒకసారి కనుక్కుని చెప్పండయ్యగారూ అని తండ్రి అడిగాడు.

ఫోను చేశాము. అవతల ఆఫీసులో ఉన్న ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. "పిలుపు ఈ-మెయిల్‌లో పంపించి పదకొండు రోజులైందండీ. ఇంటర్వ్యూ మొన్న శనివారమే అయిపోయింది" అని చెప్పింది.

తండ్రికి మొదట అర్థం కాలేదు. అతను ఇన్నాళ్లూ తపాలా కోసం చూస్తున్నాడు. పోస్ట్‌మన్ సైకిలు కనబడినప్పుడల్లా ఎదురెళ్లి అడుగుతున్నాడు. "నీకు ఈ-మెయిల్ ఉందా అమ్మా?" అని మేము అడిగితే అమ్మాయి సంచిలో నుండి దరఖాస్తు నకలు తీసి చూపించింది. ఈ-మెయిల్ అనే గడిలో ఒక విలాసం ఉంది. మండల కేంద్రంలో నెట్ సెంటరు నడిపే అబ్బాయి ఆ రోజు అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చినది. పాస్‌వర్డు అతను తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పూట వీరి ఫోనుకు సిగ్నలు అందలేదు గనుక రుజువు కోసం తన ఫోను నంబరే ఇచ్చాడు. కొన్నాళ్లకు సెంటరు ఎత్తివేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. నంబరు కూడా మార్చేశాడు.

ఆ సాయంకాలం వరకు మేము ఆ పెట్టె తెరవడానికి ప్రయత్నించాము. ప్రతిసారీ యంత్రం చెప్పేది ఒకటే: మీ నంబరుకు అంకెలు పంపాము, అవి ఇక్కడ వేయండి. ఆ అంకెలు ఎవరి ఫోనుకో పోతున్నాయి. అమ్మాయి పేరుతో ఉన్న పెట్టె, అమ్మాయికి వచ్చిన ఉత్తరం, అమ్మాయి మాత్రం బయట నిలబడి ఉంది. తండ్రీ కూతుళ్లు ఆఖరి బస్సుకు వెళ్లిపోయారు. ఆ నెట్ సెంటరు అబ్బాయిని మేము తప్పుపట్టడం లేదు. అతను ఆ ఒక్కరోజే ఇలాంటి పెట్టెలు ఎన్ని చేసిపెట్టాడో!

ప్రభువునందు ప్రియమైన పాఠకులారా, ఈ పెట్టెలు మనకు ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఉచితంగా ఇస్తున్నారు, వారిలో వారికి ఉన్న పోటీ ఏమిటి, దానితో చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం పల్లెల్లో ఉన్న మనకేమి పని అని మీరు అడగవచ్చు. ఆ సోమవారం తరువాత మేము కూడా అదే అడిగాము. తెలుసుకున్నంత మేరకు రాస్తున్నాము.

ఉచితం అనే మాట

ఒకప్పుడు ఈ-మెయిల్ అన్నది పెద్ద కంపెనీలలోను, విశ్వవిద్యాలయాలలోను పనిచేసేవారికే ఉండేది. ఆఫీసు ఇచ్చిన పెట్టె, ఆఫీసులోనే తెరవాలి. మన దేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ఆ రోజుల్లోనే అమెరికాలో సబీర్ భాటియా అనే యువకుడు, జాక్ స్మిత్ అనే తోటి ఉద్యోగి కలిసి సొంత కంపెనీ పెట్టాలని అనుకుంటున్నారు. భాటియా బెంగుళూరులో పెరిగినవాడు. ఆ సంగతులు ఒకరికొకరు రాసుకోవడానికి ఆఫీసు మెయిల్ వాడితే యజమాని చూస్తాడని వారి భయం. ఆ భయంలో నుండే ఆలోచన పుట్టింది. ఏ ఊరిలో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా తెరుచుకునే పెట్టె ఒకటి ఉంటే! అలా 1996 జూలై 4న హాట్‌మెయిల్ మొదలైంది. పైసా తీసుకోలేదు. కాని ఆ పెట్టె నుండి వెళ్లే ప్రతి ఉత్తరం అడుగున, మీరూ ఉచితంగా ఒక పెట్టె తెరవండి అనే వాక్యం తనంతట తానే చేరేది. అంటే ఉత్తరం రాసిన ప్రతివాడూ తెలియకుండానే ఆ కంపెనీకి ప్రచారకుడయ్యాడు! సువార్త కరపత్రాలు పంచిన అనుభవం ఉన్న మనకు దాని శక్తి వేరే చెప్పనక్కరలేదు. ఏడాదిన్నర తిరగకుండానే, 1997 డిసెంబరులో, మైక్రోసాఫ్ట్ దానిని కొనేసింది. సుమారు 40 కోట్ల డాలర్లకని అప్పటి వార్తలు.

అదే 1997లో యాహూ కూడా రాకెట్‌మెయిల్ అనే పెట్టె నడిపే కంపెనీని కొని యాహూ మెయిల్ తెరిచింది. మన దేశంలో రీడిఫ్‌మెయిల్ వచ్చింది. మన తెలుగువారికీ ఇందులో ఒక చెయ్యి ఉంది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే 1999 నవంబరులో ఇండియావరల్డ్ అనే సంస్థను 499 కోట్ల రూపాయలకు కొంటామని ప్రకటించింది. ఖోజ్ అనే భారతీయ వెదుకుడు యంత్రం ఆ ఇండియావరల్డ్‌దే. ఆ ధర విని అప్పట్లో అందరూ ముక్కున వేలు వేసుకున్నారు. ఆ సత్యం ఇన్ఫోవేయే తరువాత సిఫీ అయింది. పట్టణాలలో సిఫీ ఐవే అని బోర్డు పెట్టిన నెట్ సెంటర్లు మీలో కొందరికి గుర్తుండవచ్చు. గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు రాసిన నాలుగు ముక్కలు చదవడానికి తల్లులు గంటకు ఇంతని కట్టి అలాంటి చోట్ల కూర్చునేవారు.

ఆ పెట్టెలు ఉచితమే గాని చాలా ఇరుకు. 2004 నాటికి హాట్‌మెయిల్ ఇచ్చే చోటు 2 మెగాబైట్లు, యాహూ ఇచ్చేది 4. నాలుగు పెళ్లి ఫోటోలు పంపిస్తే నిండిపోయేవి. నిండితే పాత ఉత్తరాలు చింపివేయాలి. అలాంటప్పుడు 2004 ఏప్రిల్ 1న గూగుల్ జీమెయిల్ ప్రకటించింది. దానిలో చోటు ఒక గిగాబైటు, అనగా హాట్‌మెయిల్ ఇచ్చేదానికి సుమారు 500 రెట్లు. తారీఖు చూసి చాలామంది ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు. నిజమని తేలాక కొద్ది నెలలలోనే యాహూ 100 మెగాబైట్లకు, హాట్‌మెయిల్ 250 మెగాబైట్లకు పెంచాయి. పోటీ వలన వాడుకునేవారికి మేలు కలిగిన సందర్భం ఏదైనా చూపించమంటే మేము దీనినే చూపిస్తాము. అంతకు ముందు అన్ని సంవత్సరాలూ ఇవ్వలేమన్నది, పక్కవాడు ఇవ్వగానే ఇవ్వగలిగారు.

మరి ఇంత చోటు, ఇన్ని యంత్రాలు, ఇంత కరెంటు ఎవరి డబ్బు? మన సంఘాలలో ఉచితం అనే మాట దేవుని కృపకు వాడుతాము. కంపెనీలు అదే మాట వాడినప్పుడు వేరే అర్థం ఉంటుంది. జీమెయిల్ మొదలైనప్పుడు యంత్రం ఉత్తరంలోని మాటలు చదివి వాటికి తగిన ప్రకటన పక్కన చూపేది. బిడ్డ పెళ్లి గూర్చి రాస్తే నగల దుకాణం కనబడుతుంది. దానిమీద చాలా విమర్శలు వచ్చాయి. ప్రకటనల నిమిత్తం ఉత్తరాలు చదవడం మానేస్తామని గూగుల్ 2017లో ప్రకటించింది. ప్రకటనలు మాత్రం పోలేదు. మన చూపు ఎక్కడ ఆగుతుందో అదే అక్కడ అమ్ముడుపోయే సరుకు.

భద్రాచలం రోడ్ స్టేషను

పెట్టెల సంగతి అలా ఉండగా, వెదకడం అనేది ఇంకొక యుద్ధం.

దూరప్రాంతం నుండి భద్రాచలం రావాలనుకునేవారు రైలు టిక్కెట్టు భద్రాచలం రోడ్ వరకు కొంటారు. దిగి చూస్తే అది కొత్తగూడెం! గోదావరి లేదు, గుడి లేదు. అక్కడినుండి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో రావాలి. బోర్డు మీద పేరు ఉన్నంత మాత్రాన అది మనం వెదికే చోటు కాదు. మొదటి తరం వెదుకుడు యంత్రాల కష్టం సరిగ్గా ఇదే. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా చాలా వేగంగా పుటలన్నిటిలో మాట ఉన్న చోటల్లా చూపించేది. కాని వేలకొద్దీ చూపిస్తే అందులో అసలుది ఏదో తేల్చుకోవడం మన పని. 1994లో మొదలైన యాహూ ఇంకొక పద్ధతి పట్టింది. సంఘ రిజిస్టరులో బాప్తిస్మము, వివాహము, మరణము అని విడివిడిగా రాసినట్టు మనుష్యులను కూర్చోబెట్టి, సైట్లను చూసి, తరగతులుగా రాయించింది. పుటలు లక్షలు దాటి కోట్లయ్యేసరికి ఏ గుమాస్తా చేతికీ అది అందలేదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు ఒక చిన్న సంగతి గమనించారు. ఒక పుటలో నుండి ఇంకొక పుటకు దారి చూపడం ఒక సాక్ష్యం వంటిది. ఎక్కువమంది సాక్ష్యమిచ్చిన పుట మంచిది. మంచి పేరున్నవారు సాక్ష్యమిస్తే ఇంకా బరువు. మన ఊళ్లలో కోడలిని వెదికేటప్పుడు చేసేదీ ఇదే గదా! నలుగురినీ అడుగుతాము, అందులో పెద్దమనిషి చెప్పిన మాటకు విలువ ఎక్కువిస్తాము. ఈ లెక్కతో 1998 సెప్టెంబరులో గూగుల్ కంపెనీ పెట్టారు. 1999లో దీనిని పది లక్షల డాలర్లలోపే ఎక్సైట్ అనే పెద్ద కంపెనీకి అమ్మజూపితే వారు వద్దన్నారు. 2000 సంవత్సరంలో యాహూ తన సైటులో వెదికే పనిని ఈ చిన్న గూగుల్‌కే అప్పగించింది. ఇంటి తలుపు తెరిచి ప్రత్యర్థిని వసారాలో కూర్చోబెట్టుకున్నట్టయింది. 2004లో తేరుకుని మానుకునేసరికి జనం వసారాలోని మనిషినే ఇంటి యజమాని అనుకుంటున్నారు.

ఆ తరువాతి కథ ఓడలు బళ్లు కావడమే. 2008 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ యాహూను 4,460 కోట్ల డాలర్లకు కొంటామన్నది. యాహూ పెద్దలు చాలదన్నారు. 2017లో అదే యాహూ ముఖ్య వ్యాపారం వెరైజన్ అనే ఫోను కంపెనీకి 448 కోట్ల డాలర్లకు పోయింది, అనగా పదో వంతు. దానికి తోడు 2013లో జరిగిన దొంగతనంలో తమ ఖాతాలు 300 కోట్లూ దొంగల పాలయ్యాయని 2017లో ఒప్పుకోవలసి వచ్చింది. ఆల్టావిస్టాను 2013 జూలైలో మూసివేశారు. హాట్‌మెయిల్ పేరు కూడా అవుట్‌లుక్‌లో కలిసిపోయింది.

హైదరాబాదు అబ్బాయి సాక్ష్యం

ఈ యుద్ధంలో గూగుల్‌కు ఎదురు నిలిచిన పెద్ద సేనాని మన తెలుగువాడే. సత్య నాదెళ్ల గారు 1967లో హైదరాబాదులో పుట్టారు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివారు. తండ్రి బి.ఎన్. యుగంధర్ గారు గ్రామీణాభివృద్ధి పనిలో పేరుపొందిన ఐ.ఏ.ఎస్. అధికారి. నాదెళ్ల గారు 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి అధిపతి కాకముందు కొంతకాలం వెదుకుడు యంత్రం పనే ఆయన చేతిలో ఉండేది. 2009లో బింగ్ అనే పేరుతో మైక్రోసాఫ్ట్ ఆ యంత్రాన్ని తెచ్చింది. డబ్బు ఉంది, తెలివి ఉంది, వేల మంది పనివారు ఉన్నారు. అయినా గూగుల్‌ను కదల్చలేకపోయింది. ఎందుకు?

ఆ సంగతి కోర్టులోనే బయటపడింది. అమెరికా ప్రభుత్వం 2020 అక్టోబరులో గూగుల్ మీద దావా వేసింది. విచారణలో 2023 అక్టోబరు 2న నాదెళ్ల గారు సాక్షి బోనులో నిలిచారు. మనుష్యులు పొద్దున లేస్తారు, పండ్లు తోముకుంటారు, గూగుల్‌లో వెదుకుతారు, అంతటి అలవాటైపోయింది అన్న భావం ఆయన మాటల్లో ఉంది. చదువుతుంటే మాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మన పెద్దలకు పండ్లు తోముకున్న వెంటనే చేసే పని ఇంకొకటి ఉండేది.

అసలు కీలకం ఏమిటంటే, ఫోను కొన్ననాడే దానిలో ఏ వెదుకుడు యంత్రం కూర్చుని ఉంటే జనం దానినే వాడతారు. మార్చుకునే వీలున్నా మార్చరు. అందుకని ఫోను తయారుచేసేవారికి, బ్రౌజరు చేసేవారికి గూగుల్ డబ్బు కట్టి మొదటి కుర్చీ తనకే ఉంచుకుంది. 2021 ఒక్క సంవత్సరంలో అలా కట్టినది 2,630 కోట్ల డాలర్లు. మన లెక్కలో దాదాపు 2 లక్షల కోట్ల రూపాయలు. బింగ్‌కు ఆపిల్ ఫోనులో ఆ కుర్చీ దొరుకుతుందంటే ఏటా వేల కోట్ల నష్టానికైనా సిద్ధమని నాదెళ్ల గారు చెప్పుకున్నారు. న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న తీర్పు ఇస్తూ, గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుంటున్నదన్నారు. 2020లో అమెరికాలో జరిగిన వెదుకులాటలో 89 శాతం, ఫోనులలోనైతే సుమారు 95 శాతం గూగుల్‌దేనని ఆ తీర్పులో ఉంది. 2025 సెప్టెంబరు 2న శిక్ష చెప్పారు. క్రోమ్ బ్రౌజరును అమ్మివేయనక్కరలేదు గాని, మా ఒక్కరినే పెట్టుకోండి అనే ఒప్పందాలు ఇక చేయకూడదన్నారు.

మన దేశంలో ఈ తగవు ఇంకా ముందే వచ్చింది. పెళ్లి సంబంధాల సైటు నడిపే భారత్ మ్యాట్రిమొనీ వారు, వినియోగదారుల సంస్థ ఒకటి 2012లో చేసిన ఫిర్యాదు మీద పోటీ కమిషన్ 2018 ఫిబ్రవరిలో గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వెదికినప్పుడు తన సొంత సేవలనే ముందు చూపుతున్నదన్నది అందులో ఒక ఆరోపణ. 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ ఫోనుల విషయంలో మళ్లీ 1,337.76 కోట్లు వేసింది. దాని ఫలితంగా, మన దేశంలో కొత్త ఆండ్రాయిడ్ ఫోను తెరిచేటప్పుడు ఏ వెదుకుడు యంత్రం కావాలో అడిగే ఏర్పాటు చేస్తామని 2023 జనవరిలో గూగుల్ ప్రకటించింది.

ఇదంతా చదివిన తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక యౌవనస్థుల కూడికలో పిల్లల ఫోనులు అడిగి చూశాము. గూగుల్ కానిది వాడేవారు ఒక్కరూ లేరు. "వేరేవి ఉంటాయా అయ్యగారూ?" అని ఒకడు అడిగాడు. బింగ్ ఉందని, డక్‌డక్‌గో ఉందని చెప్పి ఒక ఫోనులో మార్చి చూపించాము. వాడు రెండు నిముషాలు చూసి, "బాగానే ఉంది గాని తెలుగులో అంత దొరకడం లేదు" అని మళ్లీ పాతదే పెట్టుకున్నాడు. వాడి మాట అబద్ధం కాదు.

గౌతమి అక్షరాలు

తెలుగు సంగతి వచ్చింది గనుక ఒక మాట. చాలాకాలం తెలుగులో వెదకడమే కుదరలేదు. 1991లోనే యూనికోడ్ అనే ప్రపంచ అక్షరాల పట్టికలో తెలుగుకు చోటు దొరికినా, మన పత్రికల వారు తలా ఒక సొంత అక్షరాల అచ్చు పెట్టుకున్నారు. మనిషి కంటికి అది తెలుగు. యంత్రానికి అర్థంలేని గుర్తులు. ఎంత వార్త రాసినా వెదికితే దొరికేది కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ తెలుగు అక్షరాలు ఇచ్చింది. ఆ అక్షరాలకు గౌతమి అని పేరు. మన గోదావరి పేరే. ఒడ్డున కూర్చున్న మాకు ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. వెబ్‌సైటు నడిపేవారికి ప్రకటనల మీద ఆదాయమిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో గాని తెలుగును చేర్చుకోలేదు. ఆదాయం లేనిచోట రాసేవారెవరు? రాసినది లేనప్పుడు వెదికితే దొరికేదేమిటి?

తెలుగుకే ఇంత ఆలస్యమైతే మన సంఘాలలో సగం ఇళ్లలో మాట్లాడే కోయ భాష మాట? 2024 జూన్‌లో గూగుల్ తన అనువాద యంత్రానికి ఒకేసారి 110 భాషలు చేర్చింది. మన దేశం నుండి అవధి, బోడో, సంతాలీ, తుళు మొదలైనవి ఉన్నాయి. కోయ లేదు. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో పనిచేసిన సి.ఎం.ఎస్. మిషనరీ జాన్ కెయిన్ దొర అడవి దారుల్లో నడిచి ఆ భాష నేర్చుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనాన్ని గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో 1870లలోనే రాశాడు. కోయ అవ్వ నోట్లో మాట కోసం ఒకరు గుర్రం మీదా కాలినడకనా తిరిగిన నేల ఇది. కోట్ల డాలర్ల పోటీదారులకు ఆ అవ్వ ఇంకా కనబడలేదు. ఆమె ఏమీ కొనదు గదా.

మొదటి వరుసలో కనబడినది

స్త్రీల సమాజం కోశాధికారి గారికి జరిగిన సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాము, పేరు రాయడం లేదు. బ్యాంకు ఖాతాలో పొదుపు డబ్బు చూపించడం లేదని ఆమె మనవడు ఫోనులో ఆ బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు వెదికాడు. మొట్టమొదట కనబడిన నంబరుకు చేశాడు. అవతలివాడు చక్కని తెలుగులో మాట్లాడి, ఏదో ఒక యాప్ వేయించి, అంకెలు చెప్పించుకున్నాడు. సమాజం వారు పిడికెడు బియ్యం అమ్మి కూడబెట్టిన ఎనిమిది వేలు పది నిముషాలలో పోయాయి. ఆ నంబరు బ్యాంకుది కానే కాదు. డబ్బు కట్టి పై వరుసలో కూర్చున్నవాటి పక్కన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలు ఉంటాయి. అది లేకపోయినా మోసపు నంబర్లు పుటల్లో దూర్చేవారు ఉన్నారు. నంబరు పాసు పుస్తకం మీదనుండి, ఏ.టి.ఎం. కార్డు వెనుకనుండి తీసుకోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి. కోశాధికారి గారు మూడు రోజుల తరువాత చేశారు. రాలేదు. ఆమె తన కోళ్లు అమ్మి కొంత తిరిగి జమచేశారు. సమాజం వారు వద్దన్నా వినలేదు.

ఇక మొదటి సంగతికి వస్తాము. ఈ పోటీలో మనకున్న బలం ఒక్కటే, నచ్చకపోతే ఇంకొక చోటికి పోవడం. ఫోను కంపెనీ మార్చినా నంబరు మారకుండా ఉండే హక్కు 2011 జనవరి నుండి దేశమంతటా ఉంది. ఈ-మెయిల్‌కు అది లేదు. పెట్టె మార్చితే విలాసం మారిపోతుంది. పాత విలాసం ఉద్యోగ దరఖాస్తులో, బ్యాంకులో, స్కాలర్‌షిప్పులో చిక్కుకుని ఉంటుంది. అందుకే మొదటి పెట్టె తెరిచే రోజే జాగ్రత్త పడాలి. రుజువు నంబరు ఇంటివారిదే ఇవ్వాలి. పాస్‌వర్డు నెట్ సెంటరులో రాయించవద్దు, ఇంట్లో కుటుంబ బైబిలు మొదటి పుటలో పుట్టిన తేదీలు రాసుకున్నట్టు ఒక పుస్తకంలో రాసి దాచుకోవాలి. తెరిచి వదిలేయనూ కూడదు. రెండు సంవత్సరాలు ముట్టని ఖాతాలను 2023 డిసెంబరు నుండి గూగుల్ తీసివేస్తున్నది. యాహూ అయితే ఒక్క సంవత్సరమే చూస్తుంది. ఊళ్లో సిగ్నలు లేదన్న సంగతి వారి యంత్రానికి తెలియదు. మన వంటి ప్రాంతాలలో 2జీ టవర్లు 2,343 చోట్ల 4జీ చేయడానికి 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. కొన్నిచోట్ల ఫలితం కనబడుతోంది, గుట్టల వెనుక పల్లెలకు ఇంకా గాలివాటమే.

ఆ అమ్మాయి నెల తిరిగాక మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే. తండ్రి పత్తి తీతకు వెళ్లాడట. మా యింట్లో కూర్చుని తన ఫోనుతో, తన నంబరుతో, తానే కొత్త పెట్టె తెరుచుకుంది. మేము పక్కన ఉన్నాము గాని పాస్‌వర్డు వేసేటప్పుడు ముఖం అవతలికి తిప్పుకోమంది. తిప్పుకున్నాము. తరువాత ఆ నర్సింగు బడికి ఉత్తరం రాసింది. మొదటి పిలుపు తనకు ఎందుకు చేరలేదో నాలుగు వాక్యాల్లో రాసి, వచ్చే సంవత్సరం దరఖాస్తుకు ఈ విలాసం రాసుకోమని అడిగింది. తెలుగులోనే రాసింది. ఇంగ్లీషులోకి మార్చనా అంటే వద్దంది, వాళ్లకు తెలుగు వచ్చు గదా అయ్యగారూ అంది.

వాళ్ల ఊళ్లో ఇళ్ల దగ్గర సిగ్నలు రాదు. చెరువు కట్ట మీద మర్రిచెట్టు దాటితే రెండు గీతలు వస్తాయట. శనివారం సాయంత్రం పశువులు ఇల్లు చేరాక అక్కడికి వెళ్లి పెట్టె తెరిచి చూస్తున్నది. పోయిన వారం తండ్రి సంతకు వచ్చినప్పుడు మందిరం దగ్గర కనబడ్డాడు. జవాబు వచ్చిందా అని అడిగాము. "ఇంకా లేదయ్యగారూ. కాని ఇప్పుడు తాళం మా దగ్గరే ఉంది" అని చెప్పి, బస్సు వస్తోందని వెళ్లిపోయాడు.